నీళ్లు, నిధులు, నియామకాలు: ఇంగ్లిషు మాట మనసును ఎట్లా తిప్పుతుంది

నీళ్లు, నిధులు, నియామకాలు. తెలంగాణ ఉద్యమంలో గోడల మీదా గొంతుల్లోనూ తిరిగిన ఈ మూడు మాటల అక్షరాలు లెక్కపెట్టండి. నీళ్లు 2, నిధులు 3, నియామకాలు 5. ఒక్కో మాటకూ పొడవు పెరుగుతుంది. మూడూ 'న'కారంతోనే మొదలవుతాయి. ఇప్పుడు 1599 ప్రాంతంలో షేక్‌స్పియర్ రాసిన 'జూలియస్ సీజర్' నాటకానికి వెళ్దాం. సీజర్ శవం దగ్గర నిలబడి ఆంటోనీ జనాన్ని పిలిచే పిలుపు: 'ఫ్రెండ్స్, రోమన్స్, కంట్రీమెన్.' ఇంగ్లిషు సిలబుల్స్ లెక్కన 1, 2, 3. ఇక్కడా అదే మెట్ల వరుస.

రెండు భాషలకూ చుట్టరికం లేదు. అయినా చెవి ఒకే తీరుగా పనిచేస్తుంది. చిన్న మాటతో మొదలై పెద్ద మాటతో ఆగితే ఊపిరి చివరి మాట మీద నిలుస్తుంది, బరువంతా అక్కడ పడుతుంది. 'నియామకాలు, నిధులు, నీళ్లు' అని తిప్పి చదివితే అర్థం చెక్కుచెదరదు, నినాదం మాత్రం కూలిపోతుంది. మూడు మాటలను ఇట్లా కూర్చడాన్ని ఇంగ్లిషులో ట్రైకోలన్ అంటారు, మామూలు మాటల్లో రూల్ ఆఫ్ త్రీ. రెండు చెబితే జత అనిపిస్తుంది, నాలుగు చెబితే జాబితా అవుతుంది. మూడు చెబితే మాట పూర్తయిందన్న తృప్తి వస్తుంది.

అదే నినాదాన్ని ఇంగ్లిషులోకి మార్చండి: 'వాటర్, ఫండ్స్, జాబ్స్.' మూడు మిగిలాయి. మొదటి శబ్దాల పోలిక పోయింది. మెట్ల వరుస కూడా పోయింది, ఎందుకంటే సిలబుల్స్ ఇప్పుడు 2, 1, 1. ఇంగ్లిషు రచనలో టెక్నిక్‌లు నేర్చుకునేవాళ్లు మొదట పట్టుకోవలసిన సంగతి ఇక్కడే ఉంది. ప్రతి టెక్నిక్‌లోనూ శబ్దం చేసే పని కొంత, అర్థం చేసే పని కొంత ఉంటుంది. అర్థం చేసే పని భాష దాటుతుంది. శబ్దం చేసే పని దాటదు, దాన్ని ఆ భాషలోనే మళ్లీ కట్టాలి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలేజీల్లో ఇంగ్లిషు నోట్సులు తిరగేస్తే ఈ టెక్నిక్‌లు 20, 30 పేర్ల పట్టికగా కనిపిస్తాయి. సిమిలీ, మెటఫర్, హైపర్బోలీ, అనఫోరా. పేరు, నిర్వచనం, ఒక ఉదాహరణ, అంతే. పరీక్షకు పేర్లు అవసరమే. కానీ పేరు తెలిసినంత మాత్రాన వాక్యం చేస్తున్న పని కనిపించదు. దానికి ఒక తేలిక పరీక్ష ఉంది: టెక్నిక్‌ను తీసేసి, అదే విషయాన్ని సాదాగా తిరగరాయండి. రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి, ఏం పోయిందో చూడండి. పోయిందేదో అదే ఆ టెక్నిక్ చేసిన పని. ఏమీ పోకపోతే అది ఉత్త అలంకారం.

డ్యాము గుడి ఎట్లా అయింది

పోలికల విషయంలో తెలుగు చదువుకున్నవాళ్ల చేతిలో ఇంగ్లిషు నోట్సుల కన్నా పదునైన పనిముట్టు ఉంది. ఉపమాలంకారానికి మనం 4 భాగాలు చెబుతాం: ఉపమేయం, ఉపమానం, సాధారణ ధర్మం, ఉపమావాచకం. దేన్ని పోలుస్తున్నాం, దేనితో పోలుస్తున్నాం, ఏ గుణంలో, ఏ మాటతో. ఇంగ్లిషు సిమిలీని ఈ 4 గళ్లలో పెడితే పొరపాట్లు చాలా వరకు తీరిపోతాయి. 'లైక్', 'యాజ్' కనిపించిన ప్రతిచోటా సిమిలీ అని రాసేయడం అందరూ చేసే తప్పు. 'ఐ లైక్ మ్యాంగోస్'లో పోలికే లేదు. 'గద్వాల ఈజ్ యాజ్ హాట్ యాజ్ నల్లగొండ' అంటే పోలిక ఉంది, కానీ ఊరిని ఊరితో పోల్చారు. అది కొలత. ఉపమానం వేరే జాతికి చెందినప్పుడే, అంటే 'గద్వాల ఎండ ఇటుక బట్టీలా ఉంది' అన్నప్పుడే, సిమిలీ అవుతుంది.

మెటఫర్, అంటే మన రూపకం, దగ్గరికి వచ్చేసరికి ఉపమావాచకం మాయమవుతుంది. సాధారణ ధర్మాన్ని కూడా చాలాసార్లు చెప్పరు. పాఠకుడే దాన్ని పూరించుకుంటాడు. మెటఫర్ బలమూ ప్రమాదమూ రెండూ అక్కడే ఉన్నాయి.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఇటువంటి నిర్మాణాలను ఆయన గుడులతో పోల్చిన సంగతి అందరికీ తెలిసిందే. 4 గళ్లలో పెడదాం. ఉపమేయం డ్యాము, ఉపమానం గుడి, వాచకం లేదు, సాధారణ ధర్మం చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి వినేవాళ్లు తమకు తోచింది నింపుకుంటారు: పవిత్రం, తరతరాలు నిలిచేది, ఊరంతా కలిసి కట్టేది. ఇంజనీరు భాషలో కాంక్రీటూ రాతికట్టడమూ అయిన దానికి ఒక్క మాటతో ఇంత గౌరవం వచ్చింది.

అదే మాట కొన్నింటిని దాచింది కూడా. గుడి కడుతుంటే ఖర్చు లెక్క అడగడం అమర్యాద అనిపిస్తుంది. గుడికి భూమి ఇచ్చినవాడికి దక్కేది పుణ్యం, పరిహారం సంగతి వెనక్కి పోతుంది. రిజర్వాయరు కింద ఊళ్లు మునిగాయి. నాగార్జునకొండ లోయలోని బౌద్ధ కట్టడాల్లో కొన్నింటిని ఊడదీసి ద్వీపం మీదికి తరలించాల్సి వచ్చింది. 'గుడి' అనే మాటలో వీటికి చోటు లేదు. నెహ్రూ ఉద్దేశాన్ని తప్పుపట్టడం ఇక్కడ పని కాదు. మెటఫర్ కనిపించినప్పుడు రెండు ప్రశ్నలు అడగాలి: ఇది దేని మీద వెలుగు వేసింది, దేన్ని చీకట్లో ఉంచింది? రెండో ప్రశ్నకు జవాబు రాసిన విద్యార్థి పేపరు మిగతావాళ్ల పేపరులా ఉండదు.

పర్సానిఫికేషన్ గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. ప్రాణం లేనిదానికి మనిషి పని అంటగట్టడం. ఒక్క జాగ్రత్త: 'ది మార్కెట్ డిసైడెడ్', 'ది సిస్టమ్ ఫెయిల్డ్' కూడా పర్సానిఫికేషనే. మార్కెట్ నిర్ణయం తీసుకోదు, మనుషులు తీసుకుంటారు. కవిత్వంలో ఈ టెక్నిక్ అందానికి వస్తే, వార్తల్లో చాలాసార్లు బాధ్యుల పేరు తప్పించడానికి వస్తుంది.

వెనుకబడిందా, వెనక్కి నెట్టారా

ఒప్పించే రాతలో అన్నింటికన్నా ఎక్కువ పనిచేసేది, అన్నింటికన్నా తక్కువగా కంటపడేది, మాటల ఎంపిక. పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లా, గురించి ఇంగ్లిషు రాతల్లో తరచుగా కనబడే 3 విశేషణాలు చూడండి: 'బ్యాక్‌వర్డ్', 'డ్రౌట్-ప్రోన్', 'నెగ్లెక్టెడ్'. మూడూ ఒకే జిల్లా గురించి, దాదాపు ఒకే అర్థంలో వాడతారు. కానీ తప్పు ఎవరి మీద పడుతోందో చూడండి. 'బ్యాక్‌వర్డ్' అంటే ఆ ప్రాంతమే అట్లాంటిది, అది దాని గుణం. 'డ్రౌట్-ప్రోన్' అంటే తప్పు ఆకాశానిది. 'నెగ్లెక్టెడ్' అనగానే ఎవరో ఒకరు పట్టించుకోలేదని అర్థం, ఎవరు అనే ప్రశ్న దానంతట అదే లేస్తుంది. 'వెనుకబడిన ప్రాంతం అనకండి, వెనక్కి నెట్టిన ప్రాంతం అనండి' అనే వాదన తెలంగాణ ఉద్యమంలో బలంగా నడవడానికి కారణం ఇదే. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేదే పాత మహబూబ్‌నగర్ జిల్లాలో. ఆ నేలను 'డ్రౌట్-ప్రోన్' అని మాత్రమే రాసి ఊరుకున్న వాక్యం పక్కనే పారే నదిని మరుగుపరుస్తుంది.

ఇంగ్లిషులో దీన్ని కనొటేషన్ అంటారు: నిఘంటువు అర్థానికి అంటుకుని వచ్చే వాసన. సాధన ఇట్లా చేయండి. ఒక ఎడిటోరియల్ తీసుకుని విశేషణాలు, క్రియలు మాత్రమే గీత గీయండి. ప్రతి దానికీ పక్కన ఇంకా మెత్తని మాట ఒకటి, ఇంకా గట్టి మాట ఒకటి రాయండి. 'సెడ్' అంటే అన్నారు, 'క్లెయిమ్డ్' అంటే అన్నారు గానీ నమ్మలేం, 'అడ్మిటెడ్' అంటే తప్పు ఒప్పుకున్నారు. మనిషి అన్నది ఒకే మాట కావచ్చు, క్రియ మారితే దొంగ అవుతాడు. 10 వాక్యాలు ఇట్లా చేస్తే రచయిత ఎటు మొగ్గాడో తేలిపోతుంది.

ఇదే కుటుంబంలోది ప్యాసివ్ వాయిస్. 'విలేజెస్ వర్ సబ్‌మర్జ్‌డ్.' కర్త లేడు. తెలుగులో ఈ తేడాను మనం క్రియల జంటలతోనే పట్టుకుంటాం: ఊళ్లు మునిగాయి, ఊళ్లను ముంచారు. గోడ కూలింది, గోడ కూల్చారు. పని ఆగింది, పని ఆపారు. శ్రీశైలం రిజర్వాయరు కింద పోయిన ఊళ్ల గురించి 'మునిగాయి' అనేవాడూ 'ముంచారు' అనేవాడూ ఒకే చరిత్ర చెప్పడం లేదు. ఇంగ్లిషు రాతలో ప్యాసివ్ కనిపిస్తే మన భాషలో ఈ జంటను తలుచుకుని, 'ఎవరు?' అని అడగండి. జవాబు ముందు వాక్యంలోనో తర్వాతి వాక్యంలోనో దొరికితే ఇబ్బంది లేదు. ఎక్కడా దొరకకపోతే దాచారని అర్థం. అట్లాగని ప్యాసివ్ అంటే మోసమని రాయకూడదు. నీటి నమూనాలు ఎవరు తీశారన్నది ముఖ్యం కానిచోట 'శాంపిల్స్ వర్ కలెక్టెడ్' అనడమే సరైన ఇంగ్లిషు.

యూఫెమిజం, అంటే చేదు నిజానికి మెత్తని పేరు పెట్టడం, కూడా ఇక్కడిదే. ఇల్లూ పొలమూ పోయినవాళ్లను ప్రాజెక్టు ఫైళ్లలో 'ప్రాజెక్ట్ ఎఫెక్టెడ్ పర్సన్స్' అంటారు, ఆ తర్వాత మొదటి అక్షరాలు తీసి 'పీఏపీ' చేస్తారు. 'ఎఫెక్టెడ్' అనే మాట జలుబుకైనా సరిపోతుంది. 3 అక్షరాలయ్యాక మనిషి పూర్తిగా కనబడడు.

తిరిగి తిరిగి వచ్చే మాట

వాక్యాల మొదట్లో ఒకే మాటను తిప్పి తిప్పి చెప్పడం అనఫోరా. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ 'ఐ హ్యావ్ ఎ డ్రీమ్' అంటూ వరుసగా కట్టిన వాక్యాలు దీనికి ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ. మూడోసారి వినేసరికి ఆ మాట వస్తుందని జనానికి ముందే తెలుస్తుంది. పాత భాగం మీద శ్రమ ఉండదు కాబట్టి మనసు కొత్త భాగం మీదికి పోతుంది. పల్లవి వచ్చాక చరణం మీద చెవి పెట్టినట్టే.

చివర్లో తిప్పి చెబితే అది ఎపిస్ట్రఫీ. 1863లో గెటీస్‌బర్గ్‌లో అబ్రహాం లింకన్ అన్న 'ఆఫ్ ది పీపుల్, బై ది పీపుల్, ఫర్ ది పీపుల్' అట్లాంటిది. మారేది మొదటి చిన్న మాట, నిలిచేది చివరి 'పీపుల్'. దీన్ని మన పాఠ్యపుస్తకాలు 'ప్రజల యొక్క, ప్రజల చేత, ప్రజల కొరకు' అని చెబుతాయి. ఏం జరిగిందో చూశారా? ఇంగ్లిషులో ప్రెపొజిషన్ ముందు వస్తుంది, మనకు విభక్తి వెనక వస్తుంది. అందుకే తిరిగి వచ్చే మాట చివరి నుంచి మొదటికి మారిపోయింది. అక్కడి ఎపిస్ట్రఫీ ఇక్కడికి వచ్చేసరికి అనఫోరా అయింది, అనువాదకుడి తప్పేమీ లేకుండానే. వెనక్కి వెళ్లినా ఇంతే. తెలుగులో 'కావాలి, కావాలి' అని చివర మోగే నినాదాన్ని ఇంగ్లిషులో రాయాలంటే 'వుయ్ వాంట్' అని మొదట్లోనే పెట్టాలి, ఎందుకంటే ఇంగ్లిషు క్రియ వాక్యం చివరిదాకా ఆగదు.

రాతలో దీనికి మోతాదు ఉంది. ఉపన్యాసంలో 8 సార్లు తిప్పినా జనం ఊగుతారు. 250 మాటల వ్యాసంలో ఒకచోట 3 సార్లు చాలు. రెండోచోట కూడా పెడితే పాఠకుడికి రచయిత చేతులు కనబడతాయి.

ఎలిటరేషన్‌లో అంటే ఒకే శబ్దంతో మొదలయ్యే మాటలను కూర్చడంలో, తప్పులు దాదాపు అన్నీ స్పెల్లింగ్ వల్లనే వస్తాయి. తెలుగులో రాసినదే పలుకుతాం. ఇంగ్లిషులో ఆ నమ్మకం పెట్టుకోకూడదు. 'సన్', 'షుగర్' రెండూ ఎస్‌తో మొదలవుతాయి, కానీ శబ్దాలు వేరు, అది ఎలిటరేషన్ కాదు. 'ఫోన్', 'ఫిష్' స్పెల్లింగులు వేరు, శబ్దం ఒకటే, అది అవుతుంది. 'నైఫ్', 'నైట్' కూడా అవుతుంది, 'నైఫ్' ముందున్న కే పలకదు కాబట్టి. కళ్లు మూసుకుని వినడమే పద్ధతి. మన వృత్త్యనుప్రాస ఒకే హల్లును మాటల్లో ఎక్కడ తిప్పినా చెల్లుతుంది. ఇంగ్లిషు ఎలిటరేషన్‌కు మాట మొదటి శబ్దం, అందులోనూ ఊని పలికే శబ్దం, కలవాలి.

ఇక ఆంటోనీ దగ్గరికి మళ్లీ వెళ్లాలి, పైకి ఒకటి చెప్పి దానికి ఎదురు అర్థం తోపించే ఐరనీకి అంతకన్నా మంచి పాఠం లేదు. బ్రూటస్ ముందు మాట్లాడి వెళ్లాడు. సీజర్ మీద ప్రేమ తక్కువై కాదు, రోము మీద ప్రేమ ఎక్కువై చంపానన్నాడు. అది యాంటిథెసిస్, ఎదురెదురు మాటలను జతకట్టడం: తక్కువ, ఎక్కువ, సీజర్, రోము. త్రాసు రెండు పళ్లేల్లా సరితూగే వాక్యం, అందుకే న్యాయంగా వినిపించింది. ఆంటోనీ దాన్ని ఎదురుగా ఖండించలేదు. 'బ్రూటస్ ఈజ్ యాన్ ఆనరబుల్ మ్యాన్' అని పొగిడాడు. మొదటిసారి అది పొగడ్తే. తర్వాత సీజర్ చేసిన ఒక్కో మంచి పనీ చెప్పి, ఒక్కో దాని తర్వాత అదే పొగడ్త తిప్పాడు. మాట మారలేదు, చుట్టూ సాక్ష్యం పెరిగింది, పొగడ్త తిట్టయింది. మన అలంకారశాస్త్రంలో వ్యాజస్తుతి అనేది ఈ పనే: పొగిడినట్టు తిట్టడం, తిట్టినట్టు పొగడడం. ఐరనీ నడవాలంటే పాఠకుడికి అసలు నిజం ముందే తెలిసి ఉండాలి. తెలియనివాడికి అది నిజమైన పొగడ్తగానే చేరుతుంది. అర్జీల్లో ఐరనీ వాడకూడదని చెప్పేది అందుకే.

మూడు దారులు, పోచంపల్లి నుంచి గోలకొండ దాకా

ఒప్పించే దారులు మూడని గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే చెప్పాడు. చెప్పేవాడి మీద నమ్మకం ఈథోస్, వినేవాడి మనసు కదిలించడం పేథోస్, వాదన బలం లోగోస్. పరీక్షల్లో వీటిని మూడు వేరువేరు డబ్బాల్లా రాస్తారు. నిజం రాతలో అవి కలిసే వస్తాయి.

1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో భూమి లేని దళిత కుటుంబాలు వినోబా భావేను 80 ఎకరాలు అడిగాయి. ఆ సభలోనే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. అక్కడ మొదలైన భూదాన యాత్రలో వినోబా భూస్వాములను అడిగిన తీరు ప్రసిద్ధం: మీకు ఐదుగురు కొడుకులుంటే నన్ను ఆరోవాడిగా అనుకోండి, ఆరో వంతు ఇవ్వండి. ఆ ఒక్క మాటను విప్పితే మూడు దారులూ బయటపడతాయి. 'కొడుకు' అన్నది రూపకం, పేథోస్. 'ఆరో వంతు' అన్నది లెక్క, లోగోస్: ఎంత ఇవ్వాలో వాదించే పని లేకుండా పోయింది. అడుగుతున్నవాడు తనకంటూ ఏమీ ఉంచుకోని, కాలినడకన వచ్చిన మనిషి, అది ఈథోస్. దానం అడిగితే దయ చూపాలి, వాటా అడిగితే బాకీ తీర్చాలి. వినోబా దానాన్ని వాటాగా మార్చారు.

ఉత్త లోగోస్ ఎంత దూరం పోతుందో చూడాలంటే సురవరం ప్రతాపరెడ్డిని చూడాలి. గద్వాల ప్రాంతం నుంచి వచ్చి గోలకొండ పత్రిక నడిపిన ఆయన, తెలంగాణలో కవులే లేరన్న మాట విని, 354 మంది కవుల రచనలతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. ఆవేశంతో ఒక సంపాదకీయం రాసి ఊరుకుంటే అది మరో అభిప్రాయం అయ్యేది. 354 అన్నది అభిప్రాయం కాదు. 'లేరు' అనే మాట కూలడానికి ఒక్క కవి చాలు. అన్నిసార్లు కూలిస్తే మళ్లీ లేవదు.

అతిశయోక్తి, అంటే హైపర్బోలీ, ఇక్కడే దెబ్బతింటుంది. ఫ్లోరైడ్ గురించి ఇంగ్లిషులో రాసేటప్పుడు 'పాయిజన్ వాటర్' అనడం సులువు. కానీ 'ఇది విషం కాదు' అని ఒక అధికారి తేలికగా తోసిపుచ్చగలడు. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మీ బోరు నీటి పరీక్ష చీటీలో ఉన్న అంకెను దాని పక్కన పెట్టి వదిలేయండి. ఆ అంకెను తోసిపుచ్చాలంటే ఆయన మళ్లీ పరీక్ష చేయించాలి, మీకు కావలసిందీ అదే.

బ్రోచరు చదవడం

సాగర్ రోడ్డు, శ్రీశైలం హైవే, విజయవాడ హైవే వెంట వెంచర్ల హోర్డింగులు, చేతికిచ్చే బ్రోచర్లు ఇంగ్లిషు టెక్నిక్‌లకు నిలువెత్తు నమూనాలు. పొదుపు డబ్బంతా వీటి మాట మీద పెట్టేవాళ్లు ఉన్నారు కాబట్టి కొంచెం ఓపిగ్గా చూద్దాం. ఇట్లాంటి వాక్యం అనుకోండి: 'ప్రీమియం గేటెడ్ కమ్యూనిటీ, జస్ట్ 20 మినిట్స్ ఫ్రమ్ ఓఆర్ఆర్, క్లోజ్ టు ది ప్రపోజ్డ్ ట్రిపుల్ ఆర్. ఓన్లీ ఎ ఫ్యూ ప్లాట్స్ లెఫ్ట్. సెక్యూర్ యువర్ చిల్డ్రన్స్ ఫ్యూచర్.'

ఓఆర్ఆర్ అంటే హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు, ట్రిపుల్ ఆర్ అంటే దానికి బయట ప్రతిపాదించిన రీజినల్ రింగ్ రోడ్డు. '20 మినిట్స్' అన్నారు, కిలోమీటర్లు చెప్పలేదు. కిలోమీటరు మ్యాపులో తేలుతుంది. నిమిషం బండి వేగాన్నిబట్టి, వేళనుబట్టి సాగుతుంది. 'జస్ట్' తీసేసి చదవండి, దూరం పెరిగినట్టు అనిపిస్తుంది. 'క్లోజ్ టు'కు కొలత లేదు. ఈ వాక్యంలో నిజం చెప్పే మాట ఒక్కటే ఉంది, 'ప్రపోజ్డ్'. ప్రతిపాదించారు అని అర్థం, వేశారని కాదు. రేపు రోడ్డు రాకపోతే అమ్మినవాళ్లను కాపాడేది ఆ మాటే, కాబట్టి అది ఎప్పుడూ చిన్న అక్షరాల్లో ఉంటుంది. 'ఓన్లీ ఎ ఫ్యూ లెఫ్ట్' కొరత చూపించి తొందరపెట్టడం. 'సెక్యూర్ యువర్ చిల్డ్రన్స్ ఫ్యూచర్' పేథోస్, అందులో 'యువర్' నేరుగా తల్లిదండ్రుల్ని పట్టుకుంటుంది.

చేయవలసింది: ప్రతి విశేషణాన్నీ ఒక ప్రశ్నగా మార్చండి. 'క్లోజ్' అంటే ఎన్ని కిలోమీటర్లు? 'ప్రీమియం' అంటే డ్రైనేజీ వేశారా? 'అప్రూవ్డ్' అన్నారా, 'అప్లైడ్' అన్నారా? రెండూ ఒకే అక్షరంతో మొదలవుతాయి గానీ అనుమతి వచ్చినదానికీ దరఖాస్తు పెట్టినదానికీ మధ్య మీ డబ్బంతా ఉంటుంది. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే వెంచరుకు రెరా (ఆ చట్టం కింద ఏర్పడిన నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ రాకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. అంటే 'రెరా అప్లైడ్' అనే మాట బ్రోచరులో కనబడితే భాష దగ్గరే ఆగి అడగవచ్చు.

అర్జీ రాయడం

ఇప్పుడు మన చేతి రాత. దేవరకొండలో డిగ్రీ చదివే ఒక ఊరి విద్యార్థులు బస్సు వేళ మార్చమని డిపో మేనేజరుకు ఇంగ్లిషులో అర్జీ పెడుతున్నారనుకుందాం. అలవాటుగా వచ్చే రాత ఇట్లా ఉంటుంది: 'రెస్పెక్టెడ్ సర్, విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్ దట్ స్టూడెంట్స్ ఆర్ సఫరింగ్ లైక్ ఎనీథింగ్. ఈజ్ దిస్ నాట్ ఇన్‌జస్టిస్? కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్.'

'బెగ్' ఈథోస్‌ను తగ్గిస్తుంది, అడుగుతున్నది భిక్ష కాదు. 'సఫరింగ్ లైక్ ఎనీథింగ్'లో ఉపమానమే లేదు, ఏ బొమ్మా మనసులో పడదు. ఆ రెటారికల్ క్వశ్చన్, అంటే జవాబు కోసం కాకుండా ఒప్పించడానికి వేసే ప్రశ్న, మరీ ప్రమాదం. సభలో అయితే జనం 'అవును' అని అరుస్తారు. ఉత్తరంలో చదివేది ఒక్కడే, అతని మనసు 'కాదు' అంటే మీ పని అక్కడితో ముగిసింది. 'నీడ్‌ఫుల్' అంటే ఏం చేయాలో చెప్పలేదు.

తిరగరాద్దాం: '42 స్టూడెంట్స్ ఫ్రమ్ అవర్ విలేజ్ స్టడీ ఇన్ దేవరకొండ. క్లాసెస్ ఎండ్ ఎట్ 4:30. ది లాస్ట్ బస్ లీవ్స్ ఎట్ 4:10. ది గర్ల్స్ వాక్ ది లాస్ట్ 4 కిలోమీటర్స్ ఇన్ ది డార్క్. వుయ్ రిక్వెస్ట్ దట్ ది బస్ లీవ్ ఎట్ 4:45. దిస్ నీడ్స్ నో ఎక్స్‌ట్రా బస్.'

4:30, 4:10 రెండూ పక్కపక్క వాక్యాల్లో పడ్డాయి. అన్యాయం అనే మాట ఎక్కడా లేదు, 20 నిమిషాల తేడా చదివేవాడే లెక్క కట్టుకుంటాడు. ఎవరికి వారు కట్టుకున్న లెక్కను ఎవరూ కాదనుకోరు. పేథోస్ ఒక్క వాక్యమే, అందులోనూ 'డేంజరస్' వంటి విశేషణం లేదు, 'డార్క్' చాలింది. చివరి వాక్యం అధికారి అడగబోయే ప్రశ్నకు ముందే జవాబు. ఎదుటివాడి అభ్యంతరాన్ని మనమే ముందు ఎత్తుకోవడం కూడా పాత టెక్నిక్కే, ఇంగ్లిషులో ప్రోలెప్సిస్ అంటారు. అంకెలు నిజమై ఉండాలన్నది ఒక్కటే షరతు. 42 మందిలో 5గురు చదువు మానేశారని డిపోలో తేలితే మిగతా వాక్యాలన్నీ అబద్ధంలా కనబడతాయి.

జవాబు పత్రంలో

పరీక్షలో ఒక పేరా ఇచ్చి 'రచయిత భాషను విశ్లేషించండి' అంటే చాలామంది రాసే వాక్యం: 'ఇది మెటఫర్, ఇది పాఠకుడిని ఆకట్టుకుంటుంది.' రెండో సగాన్ని ఏ టెక్నిక్ పక్కనైనా అతికించవచ్చు, అందుకే దానికి మార్కు ఉండదు. టెక్నిక్ పేరు, అది కనబడిన 2 నుంచి 5 మాటలు, ఆ మాటలు ఈ సందర్భంలో ఈ పాఠకుడికి ఏం చేశాయి: ఈ మూడూ ఉండాలి, మూడో దానికే ఎక్కువ చోటు ఇవ్వాలి.

1947 ఆగస్టు 14 రాత్రి రాజ్యాంగ సభలో నెహ్రూ చెప్పిన వాక్యంతో చేసి చూద్దాం: 'ఎట్ ది స్ట్రోక్ ఆఫ్ ది మిడ్‌నైట్ అవర్, వెన్ ది వరల్డ్ స్లీప్స్, ఇండియా విల్ అవేక్ టు లైఫ్ అండ్ ఫ్రీడమ్.' 'స్లీప్స్', 'అవేక్' యాంటిథెసిస్, 'ఇండియా విల్ అవేక్' పర్సానిఫికేషన్. ఇది అందరూ రాస్తారు. ఇంకొంచెం లోపలికి పోతే వాక్యం కట్టు కనబడుతుంది. ఇంగ్లిషులో కర్త, క్రియ ముందే వచ్చేయడం మామూలు. ఇక్కడ రెండు ముక్కలు సమయానికే పోయాయి, ఆ తర్వాతే 'ఇండియా' వచ్చింది, 'ఫ్రీడమ్' అన్నిటికన్నా చివర. సభ కొన్ని నిమిషాల్లో రాబోయే గంట కోసం ఎదురుచూస్తోంది, వాక్యం కూడా తన ముఖ్యమైన మాట కోసం ఎదురుచూయించింది. తెలుగువాళ్లకు ఈ ఎదురుచూపు కొత్త కాదు, మన క్రియ ఎప్పుడూ చివరే వస్తుంది. అందుకే తెలుగులోకి మారిస్తే ఈ ఒక్క ప్రభావం మామూలు వాక్యంలో కలిసిపోతుంది. విశ్లేషణలో ఈ మాట రాయవచ్చు.

ఇంకొకటి కూడా రాయవచ్చు. ఇక్కడ అర్ధరాత్రి అయ్యేసరికి లండన్‌లో ఇంకా సాయంత్రమే, న్యూయార్క్‌లో మధ్యాహ్నమే. ప్రపంచం నిద్రపోవడం లేదు. గడియారం లెక్కన ఆ ముక్క తప్పు. తీసేసి చదవండి: 'ఎట్ ది స్ట్రోక్ ఆఫ్ ది మిడ్‌నైట్ అవర్, ఇండియా విల్ అవేక్ టు లైఫ్ అండ్ ఫ్రీడమ్.' తప్పు పోయింది, కానీ 'అవేక్'కు ఎదురుగా నిలిచే మాట కూడా పోయింది, మేలుకున్నది ఈ దేశమొక్కటే అన్న భావన దానితోపాటే పోయింది. ఆ నాలుగు మాటలు చేసిన పని అంత.